‘తేలింది’ సరే, దేనిలో?

‘తేల్చు’ అనే క్రియమీద ఈమధ్య ఒక మిత్రుడు రెండు అభియోగాలు మోపారు. మొదటిది: అది ‘తెలియు’ అనే క్రియకు చెడిన రూపమట. ‘తెలుపు’ అనవలసినచోట నోరు తిరగనివారు ‘తేల్చు’ అన్నారట. రెండవది: అది గ్రామ్యమట. శాస్త్రవిషయాలు వ్రాసేవారు, చరిత్ర వ్రాసేవారు దానిని విడిచి ‘నిర్ధారించు’ అనే మాటనే వాడాలట. వారి పాండిత్యంపట్ల నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే చెబుతున్నాను, రెండు మాటలూ నిలిచేవి కావు. మొదటిది వ్యాకరణానికి నిలవదు. ఇక రెండవదాని సంగతి, వారు ఏ సంస్కృతపదాన్ని నెత్తిన పెట్టుకొన్నారో ఆ పదమే వారికి ఎదురు తిరుగుతుంది.

ముందు వ్యుత్పత్తి చూద్దాం.

‘తెలియు’ క్రియకు ప్రేరణరూపం ‘తెలుపు’. దాని చుట్టాలు తెలి, తెల్ల, తెలివి. అన్నిటా ఎకారం హ్రస్వమే. తమిళంలో దీనికి సాటివచ్చే ‘తెళి’లో ఉన్నది ళకారం. ‘తేలు’ ఇంటిపేరు వేరు. నీటిపై తేలడం దాని అర్థం. కన్నడంలోనూ ‘తేలు’ అంటే అదే. దానికి ‘చు’ చేరితే ‘తేల్చు’. కాలు - కాల్చు, కూలు - కూల్చు, రాలు - రాల్చు, పేలు - పేల్చు, చీలు - చీల్చు. ఈ వరుసలో ‘తేలు - తేల్చు’ ఎంత సూటిగా కూర్చున్నదో ఆరవతరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. ఇంత రాజమార్గం ఉండగా ‘తెలియు’ ఇంటి పెరటిదారిన రావలసిన అవసరం ఈ మాటకు లేదు. (కుట్టే తేలు మాట ఎవరైనా ఎత్తుతారేమో. తమిళంలో అది ‘తేళ్’. అక్కడి ళకారం మన దగ్గర లకారమై ఈ తేలుతో ఏకరూపమయింది, అంతే. పిల్లలు ఈ శ్లేషతో నన్ను ఏటా నవ్వించేవారు.)

అయితే మిత్రుడు ఊరకుండరు. “హ్రస్వం దీర్ఘం కావడం మన భాషలో లేనిదా?” అంటారు. ఉన్నదే. అందువల్ల నేను రూపాన్ని ప్రక్కన పెట్టి, వాక్యాన్ని సాక్ష్యానికి పిలుస్తాను. నిఘంటువు తిరగవేసేవారు చాలామంది ఈ సాక్షిని పిలవరు.

‘తెలియు’ క్రియకు తెలిసినవాడు ఒకడు కావాలి. వాడికి ‘కు’ ప్రత్యయం వస్తుంది. నాకు తెలిసింది, వారికి తెలిసింది, లోకానికి తెలిసింది. మరి ‘నాకు తేలింది’ అని ఎవరైనా అంటారా? ‘వాడు అబద్ధమాడాడని నాకు తేలింది’ అన్న వాక్యం నేను ఏ ఊళ్ళోనూ వినలేదు. ‘నాకింకా తేలలేదు’ అనడం విన్నాను. పెన్షను కాగితాలు కార్యాలయంలో ఉండిపోయిన ప్రతి పంతులూ అన్నమాటే అది. కాని ఆ ‘నాకు’ తెలిసినవాడిని చెప్పేది కాదు. నా వ్యవహారం తేలలేదని, ఆ నష్టం నాదని చెప్పేది.

మరి ‘తేలు’ ఏ ప్రత్యయం అడుగుతుంది? విచారణలో తేలింది. పరీక్షలో తేలింది. లెక్కలో తేలింది. సర్వేలో తేలింది. అన్నిటా ‘లో’. ఎందుకు? నీటిలో తేలుతుంది కాబట్టి! తేలే వస్తువుకు ఆధారం కావాలి. చెరువుండాలి, కుండ ఉండాలి, కనీసం ఒక చెంబెడు నీళ్ళుండాలి. క్రియ తన అర్థాన్ని మార్చుకొని ఊరు వదలి వచ్చినా, వెంట తెచ్చుకొన్న ‘లో’ను వదలలేదు. మనుషులు కూడా అంతే, పేరు మార్చుకొన్నా యాస మార్చుకోలేరు. ఈ ‘లో’ ఒక్కటే చాలు, ‘తేల్చు’ నీటిలోనుండి వచ్చిందనడానికి.

నీటినుండి నిర్ణయానికి ఎలా వచ్చిందంటే, నా ఊహ లెక్కలవైపు పోతుంది. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు వేసి, ఒకదానిలోనుండి ఒకటి తీసివేస్తే చివరకు పైకి వచ్చి నిలిచేది ఏదో అది ‘తేలిన’ సొమ్ము. ‘వందరూపాయలు బాకీ తేలింది’ అంటాం. ‘లెక్క తేల్చు’ అంటాం. కరణాల దఫ్తరాలు పోయినా ఆ మాటలు పోలేదు. చిలికితే వెన్న తేలుతుంది. లెక్క చిలికితే బాకీ తేలుతుంది. పైన కనబడనిది, అడుగున ఉన్నది, పని చేయగా చేయగా పైకి రావడం ఈ క్రియలోని బొమ్మ.

ఇంకొక వాదం ఉంది. మొదటిదానికంటె ఇది ఆలోచింపదగినది. ‘తేల్చు’ అన్నది ‘తేట’కు చుట్టమని, ‘తేటపరచు’ అన్నదే దాని అసలు అర్థమని. వినడానికి ఇంపుగా ఉంది. కాని ‘తేట’ పుట్టినది ‘తేఱు’ అనే క్రియనుండి. అది శకటరేఫ కలిగిన మాట. ఊఱు - ఊట, తేఱు - తేట. తమిళంలో కూడా ‘ఊఱు’కు ‘ఊఱ్ఱు’, ‘తేఱు’కు ‘తేఱ్ఱు’. అక్కడి ఱ్ఱ మన దగ్గర టకారమవుతుంది. ‘తేలు’లోని లకారానికి ఈ పంక్తిలో విస్తరి లేదు. శకటరేఫను బడిపుస్తకాలనుండి తరిమివేసినందుకు మనం చెల్లిస్తున్న మూల్యాలలో ఇటువంటి పొరబాట్లు కొన్ని. ‘ఱ’ను వాడుకలోనికి తెమ్మని నేనడగను. మాటల పుట్టుక గురించి వ్రాయబోయేవారు మాత్రం దాని ముఖం ఎరిగి ఉండాలి.

అంతేకాదు, తేఱడమూ తేలడమూ ఒకదానికొకటి ఎదురునడక గల పనులు. ఏటికి కొత్తనీరు వచ్చినప్పుడు కడవలో పట్టిన బురదనీటిలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. కొన్ని చోట్ల దానినే ఇండుపగింజ అంటారు. కాసేపటికి మడ్డి అడుగుకు దిగుతుంది, పైనీరు తేఱుతుంది. ఇక్కడ అక్కరలేనిది క్రిందికి పోతుంది. తేలడంలో కదిలేది పైకి వస్తుంది. మనసు ‘తేఱుకొంటుంది’, సమస్య ‘తేలుతుంది’. దుఃఖంలో ఉన్నవాడిని ‘తేలుకో నాయనా’ అని ఎవరూ ఓదార్చరు. పల్లెలో అక్షరం రాని ముసలమ్మ ఈ రెంటినీ ఎన్నడూ కలగలపదు. కలగలిపేది మనవంటి చదువుకొన్నవారమే.

ఇక రెండవ అభియోగం: గ్రామ్యమని. ఇది తెలుగుదేశంలో ఎప్పుడూ ఉన్న జబ్బే. మాట సంస్కృతమైతే శాస్త్రం, తెలుగైతే మోటు. సంస్కృతం చదువుకొన్నవాడినే నేను. దానిమీద నాకు ద్వేషం లేదు. కాని ‘నిర్ధారించు’ అనేవారికి నిర్ధారణం అంటే ఏమిటో తెలిసే అంటున్నారా అన్నది నా సందేహం.

వ్యాకరణంలో నిర్ధారణం అంటే ఒక గుంపులోనుండి ఒకదానిని, దాని జాతినో గుణాన్నో క్రియనో బట్టి వేరుచేసి చూపడం. పాణిని దీనికి ప్రత్యేకంగా సూత్రమే చేశాడు. షష్ఠి కాని సప్తమి కాని రావచ్చునన్నాడు. మన పాత తెలుగు పాఠాలలో ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అని షష్ఠీవిభక్తిని వల్లె వేయించేవారు. ‘లో’ అంటే చోటు కదా, సప్తమిలో ఉండవలసినది షష్ఠిలో ఏం చేస్తున్నదని పిల్లలు అడిగేవారు. అడగాలి కూడా. సమాధానం ఈ నిర్ధారణమే. ‘ఈ తరగతి పిల్లలలో ఆ మూల కూర్చున్న అమ్మాయి పద్యం బాగా చదువుతుంది’ అన్నామనుకోండి. తక్కినవారిని కూడా చదివించి విన్నవాడికే ఆ మాట అనే హక్కుంది. ఒక్కరినే విని ‘వీరిలో’ అనడం కుదరదు.

చూశారా? మిత్రుడు ‘లో’ను విడిచి పారిపోయి ‘నిర్ధారించు’ పంచ చేరారు. అక్కడా గుమ్మంలో కాపలా ఉన్నది ఆ ‘లో’యే. తేలాలంటే దేనిలో తేలిందో చెప్పాలి. నిర్ధారించాలంటే వేటిలోనుండి ఏరారో చెప్పాలి. తెలుగు అడిగే ప్రశ్నే సంస్కృతమూ అడుగుతుంది.

తర్కశాస్త్రం మాత్రం అడగదా? ‘అనుమానం’ మాటనే తీసుకోండి. న్యాయశాస్త్రంలో అది నాలుగు ప్రమాణాలలో ఒకటి. ప్రత్యక్షం తరువాతి పీట దానిదే. కనబడినదాన్నిబట్టి కనబడనిదానిని కొలుచుకోవడం. పొగను చూచి నిప్పు ఉన్నదనడం. తర్కసంగ్రహం వ్రాసిన అన్నంభట్టు ఆంధ్రుడనే ప్రతీతి. అటువంటివాడిని కన్న నేలమీద ‘అనుమానం’ అంటే సందేహమని, శంక అని అర్థమయింది. కన్నడసీమలోనూ ఇదే గతి. హిందీలో మాత్రం ఇప్పటికీ ‘అనుమాన్’ అంటే అంచనాయే. దీనిని చూచి మనవారి అజ్ఞానమని ఈసడించేవారున్నారు. నాకలా తోచదు. హేతువు చూపకుండా ‘అనుమానించిన’ పెద్దమనుషులను చూచి చూచి జనం ఆ మాటకు తగిన అర్థమే ఇచ్చారని నా ఊహ. అది అటుంచి, తర్కం కూడా నిప్పు ఉన్నదని ఊరకే అననివ్వదు. ఎక్కడ? కొండమీద. దానికి పక్షమని పేరు. ఎందువల్ల? పొగవల్ల. దానికి హేతువని పేరు. ఆ రెండూ చెప్పక ‘నిప్పుందని తేలింది’ అంటే గురువు చెవి మెలిపెట్టేవాడు.

ఇప్పుడు ఏ పత్రిక అయినా తెరవండి. ‘అని తేలింది.’ ‘తేల్చిచెప్పారు.’ ‘తేల్చేశారు.’ నీళ్ళు లేకుండా తేలుతున్న వాక్యాలు! ‘ఫలానా రాజు ఫలానా కులంవాడని తేలింది.’ దేనిలో? శాసనంలోనా, కైఫీయతులోనా, వ్రాసినాయన అభిమానంలోనా? ‘తెలుగే అన్ని భాషలకూ తల్లి అని ఎప్పుడో తేలింది.’ ఏ చెరువులో? ‘కాఫీ ఆయుష్షు పెంచుతుందని ఒక అధ్యయనంలో తేలింది.’ దీనిలో ‘లో’ ఉన్నది, మెచ్చుకోవలసిందే. కాని ఆ ‘ఒక’ అనేది ‘లో’ను మింగివేసింది. ఎవరు చేశారు, ఎందరిమీద చేశారు, ఎన్నాళ్ళు చేశారు? దీన్నిబట్టి తేలేదేమంటే, అని వ్రాసేవారిని నేను తప్పుపట్టను. ‘దీన్నిబట్టి’ అన్నప్పుడు హేతువును బల్లమీద పెట్టినట్టే. అది చాలదనిపిస్తే చదువరి వాదించవచ్చు. ‘తేలింది’ అని ఒంటరిగా వదిలితే వాదించడానికి పట్టు దొరకదు. పైగా ఆ వాక్యంలో కర్త కూడా లేడు. ‘తేల్చాను’ అంటే తేల్చినవాడు దొరుకుతాడు. ‘కాల్చు’, ‘కూల్చు’లాగే ఈ క్రియకు కూడా చేసినవాడొకడు కావాలి. ‘తేలింది’ అంటే ఇక ఎవరినీ అడగడానికి లేదు, దానంతట అదే తేలింది!

ఈ చర్చంతా పండితుల కాలక్షేపమనుకొనేవారికి ఒక సంగతి చెబుతాను.

1987లో నేను పనిచేసిన ఒక ఉన్నతపాఠశాలలో పదవతరగతి పరీక్షఫీజు సొమ్ములో 110 రూపాయలు తగ్గాయి. ఫీజులు వసూలు చేసిన రోజున డబ్బుసంచీని ఒక గదినుండి మరొక గదికి మోసినవాడు ఒక కూలివాళ్ళ పిల్లవాడు. పంపింది మేష్టర్లే. మరునాటికి ఉపాధ్యాయుల గదిలో మాట పుట్టింది, ‘వాడే తీశాడని తేలింది’ అని. నేను ఉద్యోగంలో చేరి ఎంతోకాలం కాలేదు. అయినా అడిగాను, దేనిలో తేలిందండీ అని. ‘ఇంకెవరు తీస్తారు?’ అన్నారు. అది సమాధానం కాదు, ఇంకొక ప్రశ్న. పైగా నిర్ధారణం అని గంభీరంగా పేరు పెట్టినా, నలభైమందిలోనుండి ఒకణ్ణి ఏరారు కాని తక్కిన ముప్పైతొమ్మండుగురినీ, గదిలోని పెద్దలనూ చూసి ఏరలేదు. తల్లిని పిలిపించారు. ఆమె వరండాలో నిలబడి ఉన్నది. ఎవరూ కూర్చోమనలేదు. నాలుగు రోజులకు ఫీజుల జాబితాను గుమాస్తాగారు మళ్ళీ కూడితే, రెండవ పుటనుండి మూడవ పుటకు మొత్తం ఎత్తివ్రాయడంలో అంకె తప్పుపడిందని కనబడింది. సొమ్ము సరిగానే ఉన్నది. డబ్బు పోనేలేదని తేలింది. దేనిలో? కూడికలో. ఆ గదిలో ఈ క్రియను సరిగా వాడింది ఆ ఒక్కసారే.

పిల్లవాడు మళ్ళీ బడికి రాలేదు. ఫీజు కట్టి ఉన్నాడు, హాల్‌టికెట్టు వచ్చింది. దానిని నేనే వాళ్ళ ఇంటికి తీసుకొనిపోయాను. వాడు పొరుగు జిల్లాకు కోతలకు పోయాడని చెప్పింది తల్లి.

మాట సరిగా వాడితే అన్యాయాలు ఆగిపోతాయని చెప్పేటంత అమాయకత్వం నాకు లేదు. కాని ‘దేనిలో?’ అనే ప్రశ్న ఆ క్రియలోనే కట్టి ఉంచారు మన పూర్వులు. దానిని విప్పి పారవేయడం ఎవరికి సౌకర్యమో ఆలోచించండి.

రైతులు దీనిని ఇంకొంచెం ముందుకు తీసుకొనిపోయారు. విత్తనపు వడ్లను ఉప్పునీటిలో పోస్తారు. తాలు పైకి తేలుతుంది, గట్టిగింజ అడుగున నిలుస్తుంది. తేలినదానిని చేటతో తీసి పారవేస్తారు. అనగా తేలినదల్లా వెన్న కాదని, తాలు కూడా తేలుతుందని, నీరు ఏదో చూచుకొమ్మని రైతుకు తెలుసు. ఉప్పు తక్కువయితే తాలు కూడా మునుగుతుంది. చిక్కదనం మరీ ఎక్కువయితే మంచిగింజ కూడా తేలుతుంది. కొందరు కోడిగ్రుడ్డు వేసి చూచి ఉప్పు పాళ్ళు సరిచూస్తారు. తేల్చేముందు నీటినే పరీక్షించడం అది! చరిత్రకారులమని చెప్పుకొనేవారిలో ఎందరు తమ ఆధారాలలో గ్రుడ్డు వేసి చూస్తున్నారు?

‘తేల్చు’ బదులు ‘తీర్మానించు’ వాడితే పోదా అని కూడా ఒకరడిగారు. పోదు. ‘తీర్మానం’లోని ‘తీరు’ అంతమవడాన్ని చెప్పే దేశ్యక్రియ. తీర్పు, తీరిక దాని సంతానమే. దాని తోకకు ‘మానం’ తగిలించారు. ‘వరుమానం’లో తగిలించినట్టే. తమిళులు వరుమానం, తీర్మానంతోపాటు పెఱుమానం కూడా అంటారు. పైకి సంస్కృతం వాలకం ఉన్నా సంస్కృతనిఘంటువులో వెదికి అలసిపోనక్కరలేదు. అర్థం మాత్రం స్పష్టం: ముగించడం. మృదంగం వాయించేవారి తీర్మానం చూడండి. ఒక ముక్తాయింపును ముమ్మారు వాయించి సమానికి తెచ్చి ముగిస్తారు. సభలో తీర్మానమూ అంతే, చేతులు లెక్కపెట్టి చర్చ ముగిస్తారు. చేతులెత్తినంతమాత్రాన నిజం తేలదు. భూమి బల్లపరుపుగా ఉన్నదని ఏకగ్రీవంగా తీర్మానించవచ్చు. తేల్చడం మాత్రం కుదరదు. ఆ తేడాను ఇంత చక్కగా పట్టి ఇచ్చే రెండు క్రియలు ఇంట్లో ఉండగా, ఒకదాని పని రెండవదానితో చేయించడం దేనికి?

‘తేల్చేయు’ గురించి ఒక్కమాట. ఇది ‘తేల్చు’కు ‘వేయు’ చేరిన రూపం. ‘తినేశాడు’, ‘అమ్మేశాడు’లలో ఉన్న తొందర, పని వదిలించుకొనడం దీనిలో ఉన్నది. పదిమంది ముందు ‘తేల్చేశాం’ అనేవారు తాము వదిలించుకొన్నామనే చెబుతున్నారు. తెలుగు వారిచేత నిజమే పలికిస్తున్నది.

మిత్రులకు ఒక మనవి. నాది కృష్ణాతీరపు వాడుక. శ్రీకాకుళం వైపు, అనంతపురం వైపు, ఓరుగల్లు వైపు, హోసూరు తెలుగువారి ఇళ్ళల్లో ‘నాకు తేలింది’ అన్న వాక్యం ‘నాకు తెలిసింది’ అన్న అర్థంలో వినబడుతున్నదా? వినబడితే ఆ వాక్యం యథాతథంగా, ఎవరు ఏ సందర్భంలో అన్నారో కూడా చేర్చి నాకు వ్రాయండి. నా వాదం నిలిచి ఉన్నది ఆ ‘కు’ రాకపోవడంమీదనే కాబట్టి, ఎదురు ఉదాహరణ మీ దగ్గర ఉంటే ముందుగా చూడవలసినవాడిని నేనే. గ్రామ్యమని మాత్రం అనకండి.